భీమవరం సుబ్బారావు మందు, మనం అడగని వయసు లెక్క

పోయినేడు మా ఊళ్ళో ఓ ఇంట్లో ఐదేళ్ళ పిల్లకి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఆ సాయంత్రం వాళ్ళ అరుగు మీద పదిమంది చేరేరు. ఉన్న అరెకరం అమ్మాలా వద్దా అన్నదే మాట. ఒక కుర్రోడు ఫోన్లో వెతికి, ఈ జబ్బు వచ్చినోళ్ళలో ఇంతమందే బతుకుతారంట అని ఓ శాతం పైకి చదివేడు. అది వినేసరికి పిల్ల తాత తల దించేసుకున్నాడు. ఆ అంకె అన్ని వయసులోళ్ళనీ, అన్ని రకాల బ్లడ్ క్యాన్సర్లనీ ఒకే గంపలో పోసి తీసిన సరాసరి. ఐదేళ్ళ పిల్లకీ డెబ్భై ఏళ్ళ ముసలాయనకీ ఒకటే అంకె. ఆ గంపలెక్క మీద ఓ పిల్ల బతుకు తేల్చేయబోయేరు మనోళ్ళు. నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. నాకప్పుడు గుర్తొచ్చిన మనిషి యల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం అంటే మనకి కోడిపందాలు, రొయ్యల చెరువులు. ఆ ఊళ్ళోనే 1895 జనవరి 12న పుట్టేరాయన. తండ్రి జగన్నాథం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, తల్లి వెంకమ్మ, ఇంటినిండా ఏడుగురు పిల్లలు. తండ్రికి ఒంట్లో బాగోక ఉద్యోగం ముందే మానేసేరు. జీతం రాని ఇంట్లో రోజులెలా గడుస్తాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పదమూడేళ్ళప్పుడు, కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లొదిలి పారిపోయేడని, తల్లి వెనక్కి రప్పించిందని చెప్పుకుంటారు. రాజమండ్రిలో చదివేడు. మెట్రిక్ తప్పేడు. మళ్ళీ తప్పేడు. మూడోసారికి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కేడు. సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ ముక్క గుర్తెట్టుకోండి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు, తల్లి ఒప్పుకోలేదు. ఆఖరికి మద్రాసు మెడికల్ కాలేజీలో తేలేడు. ఖర్చుకి స్నేహితులూ, తరవాత మావగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ ఆదుకున్నారు. అది గాంధీగారు విదేశీ బట్ట మానండని పిలుపిచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌనేసుకుని వెళ్ళేరు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. చదువులో తక్కువేం కాకపోయినా, ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్‌ఎంఎస్ అనే తక్కువ పట్టా చేతిలో పెట్టేరు. దాంతో మద్రాసు సర్కారు వైద్య ఉద్యోగం తలుపు మూసుకుపోయింది. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణం పాఠాలు చెప్పుకుంటూ బతికేరు.

ఈలోగా ఇంట్లో చావులు. అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో పోయేరు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లయిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేదం మందుతో బయటపడ్డారు. ఈ స్ప్రూ సంగతి మర్చిపోకండి, మళ్ళీ వస్తుంది.

1920ల మొదట్లో అమెరికా వెళ్ళేరు. డబ్బెక్కడిదంటే, కొంత మావగారిది, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ వాళ్ళది. రంగూన్ వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో ఆ మహానుభావుడు పెట్టిన ధర్మసంస్థ అది. భార్య శేషగిరి గారు అప్పటికి కడుపుతో ఉన్నారు. పుట్టిన కొడుకు పసికందుగానే పోయేడు, తండ్రి ముఖం చూడకుండానే. ఆ తరవాత పాతికేళ్ళలో సుబ్బారావు మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. శేషగిరి గారు ఇక్కడే ఎదురు చూస్తూ ఉండిపోయేరు. ఆయన గొప్పతనం గురించి రాసేవాళ్ళు ఈ అమ్మగారిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేనూ అదే చేస్తున్నాననుకోండి, కానీ ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి.

బోస్టన్లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం డిప్లొమా చదువుతూ, ఓ ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు కడిగి పొట్ట పోసుకున్నారు. మద్రాసులో డాక్టరు చదివిన మనిషండీ. ఆ తరవాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర చేరేరు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టేరు. రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఇప్పటికీ నేర్చుకుంటారు. ఆ కొలత పట్టుకునే కండరాల్లో శక్తి దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ని, తరవాత 1929లో ఏటీపీని బయటపెట్టేరు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా పట్టుకున్నాడు. ఇంటర్ బైపీసీలో మనం బట్టీ పట్టే ఏటీపీ ఇదే. ఆ పాఠంలో భీమవరం పేరుండదు, అది వేరే ఏడుపు.

నేను పెద్ద చదువు చదివినోణ్ణి కాదు, గ్రంథాలయాల్లో కూర్చుని నేర్చుకున్నోణ్ణి. నాకర్థమైనంతలో ఆయన జీవితమంతా కొలతే. ముందు సరిగ్గా కొలవడం, ఆ తరవాతే మాట్లాడటం. హార్వర్డ్ మాత్రం ఆయనకి పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకి వెళ్ళిపోయేరు. ఆ ఎనిమిదేళ్ళలో అక్కడ జరిగింది చూస్తే కళ్ళు తిరుగుతాయి.

మన గోదారి జిల్లాల్లో బోదకాలు తెలియని ఊరు లేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబెట్టి మింగించిన డీఈసీ మాత్రలు గుర్తున్నాయా? ఆ మందు 1947లో హెట్రజాన్ పేరుతో ఆయన నడిపిన లెడర్లీ బృందం దగ్గర్నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయోటిక్కుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా అక్కడిదే, దాన్ని పట్టుకున్నవాడు డగ్గర్ అనే ముసలి శాస్త్రవేత్త, పరిశోధన పెద్ద మన సుబ్బారావు. ఇక ఫోలిక్ యాసిడ్. గర్భిణులకి పీహెచ్‌సీలో ఐరన్‌తో కలిపి ఇస్తారే, అదే. దాన్ని పరిశోధనశాలలో తయారుచేసింది ఆయన బృందమే. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూ జబ్బుకి ఆ ఫోలిక్ యాసిడ్ మందుగా నిలబడింది. పాతికేళ్ళు ఆలస్యంగా.

ఇక్కణ్ణుంచే క్యాన్సర్ కథ మొదలవుతుంది. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజీ డాక్టరుండేవాడు. లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి మందులిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా ఎగదోసినట్టు కనిపించింది. అంటే ఆ విటమిన్ జబ్బు కణాలకి మేతలా పనిచేస్తోందన్నమాట. మరి మేతలాగే కనిపించి మేత కాని దాన్ని తినిపిస్తే? ఎలకలమందు ఉండలా. అలాంటి దొంగ ఫోలిక్ యాసిడ్‌లు సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. అందులో ఒకటి అమినాప్టెరిన్. 1947 డిసెంబరు ఆఖర్లో ఫార్బర్ దాన్ని ఓ చిన్న పిల్లాడికి మొదలెట్టేడు. 1948 జూన్‌లో ఫలితం అచ్చయింది. మందిచ్చిన పిల్లలు 16 మంది, గుణం కనిపించింది 10 మందికి.

ఇక్కడాగి ఓ లెక్క చూద్దాం. పదహారులో పది అంటే 62.5 శాతం. ఈ రోజుల్లో అయితే ఫ్లెక్సీ కట్టేసేవారు. కానీ ఆ వ్యాసం పేరులోనే ఫార్బర్ ఒక మాట పెట్టేడు, ఈ గుణం తాత్కాలికమని. కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది. కాబట్టి ఎవరైనా శాతం చెప్తే ముందు తేల్చుకోవలసింది, దేని శాతం అని. మందుకి గుణం కనిపించిన శాతమా, ఐదేళ్ళ తరవాత ప్రాణంతో ఉన్న శాతమా? క్యాన్సర్లో బతుకు లెక్క అంటే మామూలుగా రెండోదే. జబ్బు తేలిన రోజు నుంచి ఐదేళ్ళకి నూటికి ఎంతమంది మిగిలేరని.

రెండో ప్రశ్న, ఎవరి శాతం? ఇదే మా అరుగు మీద ఎవరూ అడగలేదు.

మనకి తెలిసిన చేను లెక్కే చూడండి. ఒక రైతుకి ఉన్నదంతా కాలవ పక్క చేను. ఇంకో రైతుది చాలామట్టుకు శివారు భూమి, నీళ్ళు అందీ అందక. ఏడాది చివర మొదటాయనకి ఎకరానికి నాలుగు బస్తాలు ఎక్కువొస్తే, ఆయన మంచి రైతు, రెండోఆయన చేతగానోడు అంటామా? కాలవ పక్కని కాలవ పక్కతో, శివారుని శివారుతో పోలుస్తాం. క్యాన్సర్లో ఆ కాలవ వయసు.

అంకెలతో చెప్తాను, ఇవి నేను అల్లినవే, ఏ ఆస్పత్రివీ కావు. గోదారికి అవతల ఒక ఆస్పత్రి, ఇవతల ఒకటి అనుకోండి. ఒకే క్యాన్సర్, చెరో వంద మంది రోగులు. అవతలి దాంట్లో యాభై లోపు వయసోళ్ళు 80 మంది, బతికింది 60. యాభై దాటినోళ్ళు 20, బతికింది 6. మొత్తం 66. ఇవతలి దాంట్లో యాభై లోపు 20 మందే, బతికింది 16. యాభై దాటినోళ్ళు 80, బతికింది 28. మొత్తం 44. ఫ్లెక్సీ మీద అవతలాళ్ళు 66 శాతం అని వేసుకుంటారు, జనమంతా పడవెక్కేస్తారు. కానీ విడదీసి చూడండి. వయసు తక్కువోళ్ళలో అవతల నూటికి 75, ఇవతల 80. పెద్దోళ్ళలో అవతల 30, ఇవతల 35. రెండు చోట్లా ఇవతలి ఆస్పత్రే మెరుగు. ముసలాళ్ళని ఎక్కువమందిని చేర్చుకున్న పాపానికి దానికి చెడ్డపేరు.

దీన్ని సరిచేసే పద్ధతి చాలా తేలిక. రెండు ఆస్పత్రులకీ ఒకటే తూకం పెట్టాలి. తక్కువ వయసుకి సగం, ఎక్కువ వయసుకి సగం అనుకుంటే అవతల 52.5, ఇవతల 57.5. అయిపోయింది. వయసుని బట్టి సవరించిన బతుకు శాతం అంటే ఇదే. దేశాల మధ్య పోల్చేటప్పుడు ఎవరి తూకం వాళ్ళు వాడితే కుదరదు కదా, అందుకని 2004లో అంతర్జాతీయంగా కొన్ని తూకాలు ఖాయం చేసేరు. ఎక్కువ రకాల క్యాన్సర్లకి వాడే తూకం ఏంటంటే, 15 నుంచి 44 ఏళ్ళోళ్ళకి నూటికి 7, 45 నుంచి 54కి 12, 55 నుంచి 64కి 23, 65 నుంచి 74కి 29, 75 పైన 29. ఒక్కో వయసు గుంపులో బతికిన శాతాన్ని దాని తూకంతో హెచ్చించి, అన్నీ కూడతారు. పిల్లల క్యాన్సర్లకి ప్రపంచ దేశాల్ని పోల్చినప్పుడు ఐదేళ్ళలోపు, 5 నుంచి 9, 10 నుంచి 14 అని మూడు గుంపులు చేసి మూడింటికీ సమానంగా ఇచ్చేరు. డిగ్రీ చదివిన తమ్ముడెవడైనా ఫోన్లో కాలిక్యులేటర్‌తో చేసేయగలడు.

ఇంకో చిక్కుంది. ఎనభై ఏళ్ళాయన క్యాన్సర్ లేకపోయినా గుండెజబ్బుతోనో, జారిపడో ఐదేళ్ళలో పోవచ్చు. ఆ చావుని క్యాన్సర్ ఖాతాలో వేస్తే తప్పు. అందుకని అదే ప్రాంతంలో, అదే వయసులో, క్యాన్సర్ లేని మామూలు జనంలో ఎంతమంది ఐదేళ్ళు బతుకుతారో చూసి, దానితో భాగిస్తారు. మామూలు జనంలో నూటికి 80 మంది, రోగుల్లో 40 మంది బతికితే, ఆ జబ్బు లెక్కలో బతుకు 50 శాతం. సాపేక్ష బతుకు అనొచ్చేమో తెలుగులో. వయసు తూకం, ఈ భాగహారం, రెండూ కలిస్తేనే ఆ అంకెకి విలువ.

మరి మన దగ్గర ఈ లెక్కలెవరు కడుతున్నారు? 2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ ఎక్కువగా ఉందని జనం గోలెత్తేరు, సంగతి అసెంబ్లీ దాకా వెళ్ళింది, వైద్య బృందాలొచ్చి ఇంటింటికీ తిరిగేయి. అక్కడ అడిగింది బతుకు లెక్క కాదు, ఎంతమందికి వచ్చిందన్న లెక్క. అయినా దానికీ వయసు కావలసిందే. కుర్రోళ్ళంతా హైదరాబాదో, గల్ఫో పోయి పెద్దోళ్ళే మిగిలిన ఊళ్ళో క్యాన్సర్లు ఎక్కువ కనపడతాయి, నీళ్ళలో విషం లేకపోయినా. అలాగని విషం లేదని కొట్టిపారేయడానికీ వీల్లేదు. వయసు సవరించాక కూడా అంకె ఎక్కువుంటే అప్పుడు గట్టిగా నిలదీయాలి, అదే మన చేతిలో ఆయుధం. దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీల జాతీయ కార్యక్రమాన్ని 1981 ఆఖర్లో ఐసీఎంఆర్ మొదలెట్టింది, బెంగళూరు, బొంబాయి, మద్రాసులతో. వాళ్ళ నివేదికల్లో లక్షకి ఇంతమంది అని వయసు సవరించిన అంకెలే ఉంటాయి. పల్లెటూరు ఆ పుస్తకంలోకి ఎక్కడం మాత్రం కష్టం. మనూళ్ళో మనిషి ఇంట్లో పోతే గుండాగిందని రాయించేస్తాం, లేదా అసలు రాయించం. 21 రోజుల్లో చావు నమోదు చేయించాలని 1969 చట్టం చెప్తోంది. వైద్యానికి వెళ్ళి సగంలో మానేసినోడు బతికున్నాడో లేదో ఆస్పత్రికి తెలీదు. అలాంటోళ్ళని లెక్కలోంచి తీసేస్తే మిగిలిన శాతం అబద్ధంగా పెరుగుతుంది. చచ్చిపోయినోళ్ళు కూడా అంకెల్లో లేకుండా పోతున్నారండి మన దగ్గర.

సుబ్బారావు ఇవేమీ చూడలేదు. పదహారు మంది పిల్లల ఫలితం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో తన గదిలో నిద్రలోనే గుండె ఆగి పోయేరు. 53 ఏళ్ళు. అమెరికా పౌరసత్వం లేదు, సొంత ఇల్లూ వాకిలీ లేదు. ఐదేళ్ళ బతుకు లెక్క కట్టడానికి కనీసం ఐదేళ్ళు కావాలి కదా, ఆయనకి రెండు నెలలే దొరికేయి. అమినాప్టెరిన్‌కి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌తో 1956లో కాన్పుకి సంబంధించిన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ని పూర్తిగా నయం చేసేరు, మందులతోనే. ఆ తరవాత ఒక్కో మందూ జతచేసుకుంటూ పోయేరు. 1947కి ముందు లుకేమియా వచ్చిన పిల్లలు దాదాపు అందరూ వారాల్లోనో, నెలల్లోనో పోయేవోళ్ళు. ఇవ్వాళ డబ్బున్న దేశాల్లో పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఆ రకానికి ఐదేళ్ళ బతుకు నూటికి దాదాపు 90. అదే రకం అరవై దాటినోళ్ళకి వస్తే సగానికి చాలా తక్కువ. ఈ రెండిటినీ కలిపి ఒక అంకె చేస్తే ఆ అంకె ఎవరిదీ కాదు.

పిల్లల క్యాన్సర్లన్నీ చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డబ్బున్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతుంటే, చాలా బీద దేశాల్లో 30 కూడా కావడంలేదు. ఈ తేడాకి వయసు తూకం పెట్టినా సర్దుకోదు. జబ్బు ఆలస్యంగా తెలియడం, మందు దొరక్కపోవడం, సగంలో ఇంటికి తెచ్చేయడం, ఇవీ కారణాలు. సగంలో తెచ్చేయడానికి డబ్బొక్కటే కారణం కాదు. మా ఊరి అరుగు మీద చదివిన ఆ శాతం లాంటివి కూడా.

ఆ సాయంత్రం నేను పిల్ల తాత పక్కన కూర్చుని, నాకు తెలిసిన కాస్తా చెప్పేను. డాక్టర్ని అడగవలసిన మాటలు ఓ కాగితం మీద రాసిచ్చేను. ఏ రకం లుకేమియా, ఈ వయసు పిల్లలకి, ఇదే వైద్యం పూర్తిగా చేయించుకుంటే ఐదేళ్ళకి నూటికి ఎంతమంది అని. వాళ్ళ నాన్న ఆ కాగితం పట్టుకుని వెళ్ళేడు. ఆరోగ్యశ్రీలో చాలా ఖర్చు పోయింది, ప్రయాణాలకీ, కూలి పోయిన రోజులకీ మాత్రం అరెకరంలో కొంత కౌలుకి పెట్టేరు. అమ్మలేదు.

వైద్యం ఇంకా నడుస్తోంది, మొత్తం రెండేళ్ళ పైన పడుతుందన్నారు. జుట్టు మళ్ళీ వచ్చింది. వారానికోసారి రాత్రి అన్నం తిన్నాక వాళ్ళమ్మ పిల్లకి చిన్న చిన్న పసుపు మాత్రలు లెక్కపెట్టి వేస్తుంది. రేకు మీద మెథోట్రెక్సేట్ అని ఉంటుంది. వాళ్ళూరి నుంచి భీమవరం బస్సులో గంటన్నర.